గేరు దించేది చెయ్యి

తర్లుపాడు, మార్కాపురం, కంభం రోడ్ల మీద మోటార్ సైకిల్ సైలెన్సర్‌లోంచి ‘ఢాం’ అని చప్పుడు వస్తే మనం రెండు అర్థాలే చెప్పుకుంటాం. తోలేది కుర్రవాడైతే పొగరు అంటాం, పెద్దాయనైతే బండి పాతబడింది అంటాం. మూడో అర్థం ఒకటుంది, దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. వేగంగా పోతున్న బండి గేరు దించే క్షణంలో వచ్చే ఆ పేలుడు చాలాసార్లు తోలేవాడి కుడిచేతి మీద ఇంజిన్ చేసే ఫిర్యాదు. గేరు దించడం ఎడమకాలి పని అని మనకు అలవాటైపోయింది. మన ఊళ్ళలో ఎక్కువగా తిరిగే నాలుగు గేర్ల వంద సీసీ బండ్లలో మడమతో మీట నొక్కితే గేరు దిగుతుంది కాబట్టి అంతటితో పని అయిపోయిందనుకుంటాం. కాలు చేసేది అందులో చిన్న పని. ఎక్సలేటర్‌ను ఎంత మూయాలి, ఎంత మెల్లగా మూయాలి, క్లచ్ వదిలే ముందు మళ్ళీ ఎంత తెరవాలి అన్నదే అసలు విద్య. అది కుడిచేతికి రావాలి. ఆ విద్య రాని మనిషి తర్లుపాడు చుట్టుపక్కల చదును రోడ్ల మీద ఎలాగో నెట్టుకొస్తాడు. గిద్దలూరు దాటి నల్లమల ఎక్కి దిగేటప్పుడు ఆ లోటు ప్రాణం మీదికి వస్తుంది.

ముందు ఆ చప్పుడు ఎలా పుడుతుందో చూడాలి. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. మలుపు కనబడగానే తోలేవాడు ఎక్సలేటర్‌ను ఒక్కసారిగా వదిలేస్తాడు. కార్బొరేటర్ గొంతు దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. బండి వేగం మాత్రం తగ్గలేదు, వెనక చక్రం చైన్ ద్వారా ఇంజిన్‌ను తిప్పుతూనే ఉంటుంది. పిస్టన్ దిగిన ప్రతిసారీ గాలి కోసం గట్టిగా లాగుతుంది, మూసుకున్న గొంతులోంచి చాలినంత రాదు, లోపల పీడనం బాగా పడిపోతుంది. ఐడిలింగ్ జెట్ నుంచి వచ్చే కాస్త పెట్రోలూ కాస్త గాలీ అంతకుముందు కాలి మిగిలిన పొగలో కలిసి పలచబడతాయి. ఆ పలచని మిశ్రమంలో ప్లగ్గు నిప్పురవ్వ పడినా ఒకసారి అంటుకుంటుంది, ఒకసారి అంటుకోదు. అంటుకోని పెట్రోలు పచ్చిగానే ఎగ్జాస్ట్ వాల్వు దాటి బెండు పైపులోకి, అక్కణ్ణుంచి సైలెన్సర్‌లోకి పోతుంది. ఆ పైపు అప్పటికే వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. తర్వాత ఎప్పుడో ఇంజిన్ సరిగ్గా మండి నిప్పుతో సహా పొగను బయటికి నెట్టినప్పుడు, పైపులో పోగైన పచ్చి ఆవిరి అంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. మెకానిక్కులు ‘బ్యాక్ ఫైర్ కొడుతోంది’ అనేది దీన్నే. ఇదే స్థితిలో, ఎక్సలేటర్ పూర్తిగా మూసి ఉండగానే, గేరు కూడా దించి క్లచ్ టక్కున వదిలితే ఇంజిన్ తిరుగుడు ఒక్కసారిగా పైకి లేస్తుంది. లాగుడు ఇంకా పెరుగుతుంది, మిశ్రమం ఇంకా పలచనవుతుంది, అంటుకోని వంతులు ఎక్కువవుతాయి. అందుకే ఆ పేలుడు సరిగ్గా గేరు దించే వేళకే వస్తుంది. చలికాలం పొద్దున్నే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి ఒక్కసారిగా రైజ్ చేస్తే కార్బొరేటర్ వైపు నుంచి వచ్చే దగ్గు వేరు. దాని కారణం వేరు, మందు వేరు, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

ప్రతి పేలుడుకూ చేతినే తప్పుపట్టడం న్యాయం కాదు. ఇంజిన్ హెడ్డుకూ బెండు పైపుకూ మధ్య ఉండే గాస్కెట్ కాలిపోతే ఆ సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది, పచ్చి ఆవిరికి గాలి తోడై సులువుగా అంటుకుంటుంది. మైలేజీ కోసం మిక్చర్ స్క్రూను మరీ బిగించినా, ప్లగ్గు బలహీనపడినా, ట్యాపెట్ సందు తగ్గి ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా అదే ఫలితం. కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బండ్లలో మిగిలిన పొగను కాల్చడానికి ఎగ్జాస్ట్ దారిలోకి కాస్త తాజా గాలి పంపే ఏర్పాటు పెట్టారు. ఎక్సలేటర్ మూసినప్పుడు ఆ గాలిని ఆపాల్సిన వాల్వు పాడైతే బండి దిగుడులో పటపటమంటుంది. బుల్లెట్ లాంటి పెద్ద సింగిల్ సిలిండర్ బండిలో 350 సీసీల ఒకే కుండ కాబట్టి ఒక వంతు తప్పినా పేలుడు పెద్దదిగా వినిపిస్తుంది. 1955లో మద్రాసులో దాని తయారీ మొదలైనప్పటి నుంచీ ఆ చప్పుడు దాని స్వభావం అనే పేరు పడిపోయింది. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఒక పరీక్ష మిగులుతుంది. అదే బండిని, అదే రోడ్డు మీద, ఎక్సలేటర్ మెల్లగా మూస్తూ, క్లచ్ వదిలే ముందు కాస్త తెరిచి గేరు దించి చూడాలి. అప్పుడూ పేలితే తప్పు బండిది, మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే. అప్పుడు పేలకుండా, టక్కున మూసినప్పుడు మాత్రమే పేలితే తప్పు చేతిది. ఏ స్పానరూ దాన్ని బాగుచేయలేదు. కార్బొరేటర్ మార్చినా, ప్లగ్గు మార్చినా డబ్బు దండగే.

ఇంత తేలిగ్గా తెలిసే విషయం మనకు ఎందుకు తెలియకుండా పోయిందో ఆలోచిస్తే నాకు కనిపించే కారణం మోటార్ సైకిల్ గేరుబాక్సు మంచితనమే. పాతకాలం లారీల గేరుబాక్సుల్లో సింక్రో ఏర్పాటు ఉండేది కాదు. మూడో గేరు నుంచి రెండో గేరుకు దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి ఒకసారి రైజ్ చేసి, మళ్ళీ క్లచ్ తొక్కి అప్పుడు గేరు వేయాలి. దాన్ని డబుల్ క్లచ్ అనేవారు. రైజ్ సరిపోకపోతే పళ్ళు కరకరమని అరిచేవి, గేరు పడేది కాదు. అక్కడ తప్పు చేసినవాడికి తక్షణం బుద్ధొచ్చేది. మార్కాపురం పలకల లోడుతో ఘాట్ దిగిన ఆ తరం డ్రైవర్లకు ఇంజిన్ తిరుగుడునూ చక్రం తిరుగుడునూ కలపడం వృత్తిలో మొదటి పాఠం. మోటార్ సైకిల్ గేరుబాక్సులో పళ్ళన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి పట్టుకునే ఉంటాయి. గేరు మార్చినప్పుడు పక్కనున్న కొక్కేలు మాత్రం కలుస్తాయి. అందువల్ల రైజ్ కలిపినా కలపకపోయినా గేరు పడుతుంది, అరుపు ఉండదు. తప్పు చేసినా గేరుబాక్సు క్షమిస్తుంది. ఆ తప్పు భారం క్లచ్ ప్లేట్ల మీద, చైన్ మీద, వెనక టైరు మీద పడుతుంది. బండి ఒక్క కుదుపు ఇస్తుంది, సైలెన్సర్ ఒకసారి పేలుతుంది. లారీలో పళ్ళు అరిచి చెప్పిన పాఠాన్ని మోటార్ సైకిల్లో ఈ కుదుపూ ఈ పేలుడూ చెబుతున్నాయి. మనం కుదుపును అలవాటు చేసుకున్నాం, పేలుడును సరదా చేసుకున్నాం, పాఠాన్ని మాత్రం వదిలేశాం.

చెయ్యి చేయాల్సిన పని అంకెల్లో చెబితే సులువుగా పట్టుబడుతుంది. నాలుగు గేర్ల వంద సీసీ బండి నాలుగో గేరులో ఉండి ఇంజిన్ నిమిషానికి 4000 సార్లు తిరుగుతోందనుకుందాం. అదే వేగంలో మూడో గేరుకు దించితే ఇంజిన్ సుమారు 5000 పైచిలుకు తిరగాలి. రెండో గేరుకైతే 7000 దాకా పోవాలి. ఈ తేడాను ఎవరో ఒకరు పూడ్చాలి. చెయ్యి పూడ్చకపోతే వెనక చక్రం పూడుస్తుంది. ఎలాగంటే, క్లచ్ వదలగానే చక్రం తన వేగాన్ని ఖర్చుపెట్టి ఇంజిన్‌ను పైకి లాగుతుంది, ఆ లాగుడుకు చక్రం ఒక్కసారిగా నెమ్మదిస్తుంది, రోడ్డు మీద ఇసుక గానీ నీళ్ళు గానీ ఉంటే జారుతుంది. దిగుడులో బరువంతా ముందు చక్రం మీదికి వాలి ఉంటుంది, వెనక చక్రం తేలికగా ఉంటుంది కాబట్టి జారడం ఇంకా సులువు. చెయ్యి పూడ్చడమంటే ఇంత: ముందు బ్రేకులతో వేగం తగ్గించాలి. క్లచ్ పట్టి, ఒక గేరు మాత్రమే దించి, క్లచ్ వదలడం మొదలుపెట్టే ముందు ఎక్సలేటర్‌ను మణికట్టుతో కొంచెం, రెప్పపాటు, తిప్పాలి. ఇంజిన్ గొంతు లేచిందని చెవికి తెలియగానే క్లచ్‌ను జారవిడవాలి, ఆ తర్వాత ఎక్సలేటర్‌ను మెల్లగా మూయాలి. సరిగ్గా కుదిరితే బండి కుదుపు ఇవ్వదు, వెనక కూర్చున్న మనిషికి గేరు మారిందనే తెలియదు, సైలెన్సర్ పేలదు. ముందు బ్రేకు మీద రెండు వేళ్ళు ఉంచుకునే మణికట్టు తిప్పడం మొదట్లో కష్టం. అది రానివాళ్ళు ఇంకా సులువైన దారి పట్టవచ్చు. గేరు దించేటప్పుడు ఎక్సలేటర్‌ను పూర్తిగా వదలకుండా ఒక పిసరు తెరిచే ఉంచుకుని, క్లచ్‌ను ఒకటి రెండు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదిలితే సగం ప్రయోజనం దక్కుతుంది. నాలుగు నుంచి ఒకేసారి రెండుకో ఒకటికో దించే అలవాటును మాత్రం ఏ పద్ధతీ కాపాడదు.

ఇదంతా వంద సీసీ బండికి అవసరమా, బ్రేకులు ఉన్నాయి కదా అనేవాళ్ళు చాలామంది. చదును నేల మీద ఆ మాటలో కొంత నిజముంది. నల్లమలలో లేదు. గిద్దలూరు నుంచి నంద్యాల పోవాలంటే దిగువమెట్ట దాటి అడవిలో కనుమ ఎక్కి పచ్చర్ల మీదుగా గాజులపల్లె వైపు దిగాలి. పాత రోజుల్లో దీన్ని నంది కనుమ అనేవారు. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డుకూ, దోర్నాల నుంచి ఆత్మకూరు పోయే రోడ్డుకూ ఇవే మలుపులు, ఇవే దిగుళ్ళు. బండీ, దాని మీద ఇద్దరు మనుషులూ, ఒక మూటా కలిపి 250 కిలోలు అనుకుందాం. ఆ బరువు 200 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే సుమారు 4,90,000 జౌళ్ళ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అదే బండిని చదును మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే బ్రేకులు మింగేది సుమారు 35,000 జౌళ్ళు. అంటే ఆ దిగుడులో పోవాల్సిన శక్తి పద్నాలుగు సార్లు బండిని వేగం నుంచి ఆపినదానితో సమానం. లీటరున్నర నీళ్ళను మరిగించడానికి సరిపోయే వేడి అది. అందులో మంచి వాటానే ఎదురుగాలీ టైర్ల రాపిడీ తినేస్తాయి, ఒప్పుకోవాలి. కానీ దిగుడు ఎంత నిటారుగా ఉంటే, మలుపుల కోసం ఎంత మెల్లగా పోతే, గాలి వాటా అంత తగ్గి బ్రేకుల వాటా అంత పెరుగుతుంది. జాగ్రత్తగా మెల్లగా దిగేవాడి బ్రేకులే ఎక్కువ కాలుతాయన్నమాట. డ్రమ్ము బ్రేకులు వేడెక్కితే లైనింగ్ పట్టు తగ్గుతుంది, డ్రమ్ము కూడా వ్యాకోచించి షూస్ నుంచి దూరమవుతుంది. డిస్కు బ్రేకుల్లో పాతబడి తేమ పీల్చుకున్న ఫ్లూయిడ్ మరిగితే మీట మెత్తగా దిగిపోతుంది. ఈ రెండూ బండి నిలబడి ఉన్నప్పుడు కనిపించే లోపాలు కావు, కొండ సగం దిగాకే బయటపడతాయి.

ఆ వేడిని పంచుకోగలిగిన యంత్రం బండిలోనే ఇంకొకటి ఉంది. తక్కువ గేరులో, ఎక్సలేటర్ మూసిన ఇంజిన్ గాలిని మూసిన గొంతులోంచి లాక్కోవడానికీ, లోపలి రాపిడిని దాటడానికీ పడే శ్రమంతా చక్రాన్ని వెనక్కి పట్టి లాగడమే. ఆ వేడి ఇంజిన్ రెక్కల్లోంచి, ఆయిల్లోంచి గాలిలోకి పోతుంది, బ్రేకులు చల్లగా మిగులుతాయి. లారీ డ్రైవర్లు ‘ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు’ అని చెప్పుకునే మాట వెనకున్న లెక్క ఇదే. నంది కనుమను రైలు కూడా దాటుతుంది. తర్లుపాడు స్టేషన్ ఉన్న గుంటూరు–నంద్యాల లైను దిగువమెట్ట దాటాక బొగద సొరంగంలోంచి కొండ అవతలికి పోతుంది. వేల టన్నుల గూడ్సును దిగుడులో బ్రేకు కట్టల మీదే వదిలేయరు. ఇంజిన్ మోటార్లనే జనరేటర్లుగా తిప్పి, ఆ ఎదురుబలంతో వేగాన్ని పట్టి ఉంచి, బ్రేకులను అవసరానికి మిగుల్చుకుంటారు. రైలుకైనా లారీకైనా వంద సీసీ బండికైనా కొండ దిగే నియమం ఒకటే. మోటార్ సైకిల్ మీద ఆ నియమం పాటించాలంటే మలుపు మలుపుకూ గేరు దించాలి. దించిన ప్రతిసారీ వెనక చక్రం కుదుపుతో జారేలా ఉంటే ఎవరికైనా భయం వేస్తుంది, భయం వేసినవాడు గేరు జోలికి పోకుండా బ్రేకుల మీదే దిగుతాడు. చెయ్యి విద్య ముఖ్యమని నేను ఇంతగా పట్టుబట్టడానికి అసలు కారణం ఇది. ఆ విద్య వచ్చినవాడే ఇంజిన్‌ను ధైర్యంగా బ్రేకుగా వాడుకోగలడు.

దిగుడులో న్యూట్రల్ చేసి వదిలేస్తే పెట్రోలు మిగులుతుంది కదా అనేది అన్నిటికన్నా బలంగా పాతుకున్న అభ్యంతరం. పెట్రోలు ధర చూస్తే ఆ ఆశను తప్పుపట్టలేం, కానీ లెక్క ఎదురు తిరుగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల తర్వాత వచ్చిన బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. గేరులో ఉండి, ఎక్సలేటర్ మూసి, ఇంజిన్ ఓ మాదిరి వేగంతో తిరుగుతుంటే వీటిలో సాధారణంగా ఇంజెక్టర్ పెట్రోలు పోయడమే మానేస్తుంది, ఎందుకంటే చక్రమే ఇంజిన్‌ను తిప్పుతోంది. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి అదే ఇంజెక్టర్ మళ్ళీ పోయడం మొదలుపెడుతుంది. అంటే కొత్త బండిలో న్యూట్రల్ దిగుడే ఖర్చు. పాత కార్బొరేటర్ బండిలో గేరులో దిగినా ఐడిలింగ్ జెట్ నుంచి కొంత పెట్రోలు పోతుంది, నిజమే. అయితే మూసిన గొంతులోంచి పోగలిగిన గాలికి ఒక హద్దు ఉంటుంది కాబట్టి, ఇంజిన్ వేగంగా తిరిగినంత మాత్రాన ఆ ఖర్చు నిలబడి ఉన్నప్పటి ఐడిలింగ్ ఖర్చుకు పెద్దగా మించదు. మిగిలేది కొన్ని చుక్కలు, పోయేది ఇంజిన్ బ్రేకు మొత్తం. ఇంకొందరు మరో అడుగు ముందుకేసి ఇంజినే ఆపేసి దిగుతారు. పాత బండ్లలో హెడ్‌లైటు ఇంజిన్ తిరిగితేనే వెలుగుతుంది, చీకట్లో ఘాట్ మధ్య వెలుగు కూడా పోతుంది. ఒకవేళ గేరులో ఉంచి కీ తిప్పేస్తే కార్బొరేటర్ మాత్రం పెట్రోలు పంపుతూనే ఉంటుంది. నిప్పురవ్వ లేదు కాబట్టి అదంతా సైలెన్సర్‌లో చేరి, కింద మళ్ళీ కీ తిప్పగానే తుపాకీ పేలినట్టు పేలుతుంది.

ఇంజిన్‌ను బ్రేకుగా వాడితే ఇంజిన్ చెడుతుందనే భయం కూడా ఉంది. ఆ భయం గాల్లోంచి ఊడిపడలేదు, దానికి ఒకప్పుడు నిజమైన ఆధారమే ఉండేది. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన యమహా ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లలో ఇంజిన్ లోపలికి పోయే ఆయిలు పంపు ఎక్సలేటర్‌తో ముడిపడి ఉంటుంది. ఆయిలును పెట్రోల్లో కలిపి పోసే బండ్లలోనైతే పెట్రోలు వస్తేనే ఆయిలు వస్తుంది. ఎక్సలేటర్ మూసి చాలాసేపు దిగుడులో వేగంగా తిప్పితే పిస్టన్‌కు ఆయిలు చాలక సీజ్ అయ్యే ప్రమాదం నిజంగా ఉండేది. అందుకే ఆ బండ్లు తోలినవాళ్ళు మధ్య మధ్యలో ఎక్సలేటర్‌ను కొంచెం తెరిచేవాళ్ళు. అది వాళ్ళు నేర్చిన మంచి జాగ్రత్త. ఆ బండ్లు దాదాపు పోయాయి, జాగ్రత్త వెనకున్న కారణాన్ని మరిచి భయాన్ని మాత్రం మిగుల్చుకున్నామని నా అంచనా. ఈనాటి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిలు కింది కుండలో వేరుగా ఉంటుంది. ఇంజిన్ తిరిగినంతసేపూ, ఎక్సలేటర్ తెరిచినా మూసినా, అది అన్ని భాగాలకూ అందుతూనే ఉంటుంది. హద్దు మీరిన వేగంలో మరీ కింది గేరుకు దించి ఇంజిన్‌ను గిరగిరా తిప్పేస్తే తప్ప ఇంజిన్ బ్రేకు వల్ల దానికి చెడు లేదు. చేతితో తిరుగుడు కలిపి ఒక్కో గేరే దించేవాడికి ఆ ప్రమాదమూ ఉండదు.

రేసు బండ్లు కూడా మలుపుల దగ్గర పటపటమని నిప్పులు కక్కుతాయి కదా, అది గొప్ప ఇంజిన్ లక్షణం కాదా అని కుర్రవాళ్ళు అడుగుతారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. రేసు బండ్లలో వెనక చక్రం జారకుండా, ఎక్సలేటర్ మూసినా కంప్యూటర్ ఇంజిన్‌లోకి కాస్త గాలిని వదులుతుంది, ఇంజిన్ బ్రేకు ఎంత ఉండాలో ప్రతి మలుపుకూ లెక్కగడుతుంది. ఆ చప్పుళ్ళు ఆ లెక్కలో మిగిలిన చెత్త. చప్పుడు కోసం ఏ రేసరూ పాకులాడడు. మన రోడ్ల మీద జరిగేది అందుకు పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. కార్బొరేటర్ బండిని గేరులో పోనిస్తూ కీ ఆపి, తిప్పి, కావాలని పేల్చడం. లోపలి జాలీ పీకేసి సైలెన్సర్‌ను ఉత్త గొట్టం చేయడం. కావాలని పేల్చిన ప్రతిసారీ సైలెన్సర్ లోపలి గదుల అతుకులు వదులవుతాయి, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిలో పచ్చి పెట్రోలు దాని మీదే కాలి దాన్ని పాడుచేస్తుంది. చట్టం కూడా దీన్ని సరదాగా చూడటం లేదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘించిన బండి తోలితే పది వేల రూపాయల దాకా జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. విశాఖ, హైదరాబాద్ వంటి నగరాల్లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కించిన సందర్భాలున్నాయి. జరిమానా కన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. దోర్నాల ఘాట్ నడిచేది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో. అక్కడ రాత్రిపూట చెక్‌పోస్టులు మూసి రాకపోకలు ఆపేదే జంతువుల ప్రశాంతత కోసం. రోడ్డు పక్క గూడేల్లో చెంచులున్నారు, వాళ్ళ పసిపిల్లలున్నారు. పగటిపూట ఆ అడవిలో తుపాకీ చప్పుడు చేసుకుంటూ పోయే హక్కు ఎవరికీ లేదు.

కొత్త బండ్లు వచ్చాక ఈ విద్యతో పనేముంది అనేది ఇంకో మాట. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే బండ్లలో 125 సీసీ దాటితే ఏబీఎస్, ఆ లోపైతే కనీసం రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ తప్పనిసరి చేశారు. ఏబీఎస్ చాలా మంచిదే, కానీ దాని పరిధి బ్రేకుల వరకే. బ్రేకు వల్ల చక్రం బిగుసుకుంటే అది బ్రేకును వదులు చేస్తుంది. తప్పుగా గేరు దించి ఇంజిన్ వల్ల చక్రం బిగుసుకుంటే దాన్ని వదులు చేసే దారి ఏబీఎస్‌కు లేదు. ఆ పని చేసే స్లిప్పర్ క్లచ్ ఖరీదైన కొన్ని బండ్లకే వస్తుంది. తర్లుపాడులో పొలానికీ, పాలకేంద్రానికీ, మార్కాపురం ఆసుపత్రికీ తిరిగే బండ్లలో అది కనబడటం అరుదు. స్కూటర్ల విషయంలో మాత్రం నా వాదం కొంత తగ్గించుకోవాలి. వాటిలో దించడానికి గేర్లే లేవు, బెల్టు మీద నడిచే ఆ బండ్లకు తక్కువ వేగంలో ఇంజిన్ బ్రేకు అంతంత మాత్రమే. స్కూటర్ మీద శ్రీశైలం దిగేవాళ్ళు బ్రేకును అదేపనిగా పట్టి ఉంచకుండా గట్టిగా పట్టి వదులుతూ, మధ్యలో ఒకచోట ఆగి డ్రమ్ములు చల్లారనిచ్చి దిగడమే మార్గం. శివరాత్రికి కుటుంబాలతో స్కూటర్ల మీద ఘాట్ ఎక్కేవాళ్ళకు ఈ మాట ఇంట్లోనే ఎవరో ఒకరు చెప్పి పంపాలి.

ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదని కొందరంటారు. నిజమే, చేతికి అలవాటు కావాలి. అలవాటు చేయించే చోటు మాత్రం మనకు ఒకటి ఉండనే ఉంది, అది లైసెన్సు పరీక్ష. టూ వీలర్ పరీక్ష అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎనిమిది అంకె వేయడం. కాలు నేల మోపకుండా ఎనిమిది తిప్పినవాడికి బండి వచ్చినట్టే అని ఊళ్ళో లెక్క. మొదటి గేరులోనే తిరిగిపోయే ఆ ఎనిమిదిలో గేరు దించే అవసరమే రాదు. మన కుర్రవాళ్ళు లైసెన్సు చేతికొచ్చిన మొదటి సెలవుకే మహానందికో శ్రీశైలానికో బండి తీస్తారు, రెండు దారులకూ మధ్యలో నల్లమల ఉంది. వాళ్ళను పంపే ముందు తండ్రులూ అన్నలూ చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద ఒక సాయంత్రం నిలబెట్టి, నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, వెనక కూర్చున్నవాళ్ళకు కుదుపు తెలియకుండా దించమనాలి. పరీక్ష పెట్టే అధికారులు కూడా ఇదే అడగాలని నా విన్నపం. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి 15వ నియమం లైసెన్సు అభ్యర్థి చేసి చూపించాల్సిన పనుల్లో దిగుడులో పోతున్నప్పుడు చప్పున కింది గేరుకు మార్చడాన్ని కూడా పేర్కొంది.